నాకు లేని బావ

ఇంటర్మీడియట్ చదివిన రెండేళ్లూ నేను ఒకే ఒక్క విషయానికి కుళ్లుకున్నాను. నా స్నేహితురాలికి బావ ఉన్నాడు, నాకు లేడు. మా మేనమామకు ముగ్గురూ ఆడపిల్లలే. నాలుగో కాన్పులో కొడుకు పుట్టినా నాకంటే పదహారేళ్లు చిన్నవాడవుతాడని లెక్క వేసుకుని మరీ నిట్టూర్చేదాన్ని.

ఇద్దరం కమలాపురం నుంచి బస్సులో కడపకు వెళ్లి ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చదువుకునేవాళ్లం. వాళ్ల నాన్నది కమలాపురంలో చిల్లర సరుకుల అంగడి. మా నాన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె బావ, అంటే సొంత మేనమామ కొడుకు, కడపలో గుడ్డల అంగడి చూసుకునేవాడు. సాయంత్రం మేం బస్టాండుకు వచ్చేసరికి మోటార్ సైకిల్ మీద కూర్చుని ఉండేవాడు. పది నిమిషాలు ఆలస్యమైతే "యాడికి పోయింటివి?" అని నిలదీసేవాడు. ఆమె బ్యాగు తీసుకుని నోట్సులన్నీ తిరగేసేవాడు. ఫలానా పిల్ల మంచిది కాదంటే ఆమె ఆ పిల్లతో మాటలు మానేసేది. అలా ఒక్కొక్కరినీ వదులుకుంటూ వచ్చి చివరికి నా పక్కనే కూర్చునేది.

"ఎంత ప్రేమ మే నీ బావకు!" అనేవాళ్లం అందరం. మా వైపు మరదలి మీద బావకు హక్కు పుట్టుకతోనే వస్తుంది. ఊయలలో ఉన్నప్పుడే "ఈ పిల్ల మావోడికే" అని పెద్దవాళ్లు అనేసుకుంటారు. ఆ తర్వాత అతను గిల్లినా సరసమే, గదమాయించినా సరసమే. నా ఆలస్యానికి కోపం తెచ్చుకునే మనిషి మాత్రం లోకంలో ఒక్కడూ లేడు. చీకటి పడ్డాక ఇల్లు చేరినా మా అమ్మ "సంగటి ఉండాది, పెట్టుకొని తిను" అనేది, అంతే.

అతను నాతోనూ మాట్లాడేవాడు. బస్సు వచ్చిందేమో చూడ్డానికి ఆమె అటు వెళ్లగానే "ఏం పాపా, ఈ పొద్దు కాలేజీలో ఏం జరిగినాది?" అని అడిగేవాడు. ఎవరితో నవ్విందో, ఏ లెక్చరర్ ఏమన్నాడో అన్నీ చెప్పేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. అయినా అసలు కారణం నోరు కాదు. అతను నా మాట వినే ఆ రెండు నిమిషాలూ ఆమె బావ నాకే బావ అయినట్టుండేది.

రెండో సంవత్సరంలో తెలుగు మేడమ్ ఒక నవల తెచ్చింది. మా వయసు పిల్లల కోసం రాసిన సన్నపాటి పుస్తకం. కాలేజీకి వెళ్లే అమ్మాయి, ఆమెను ప్రేమించానంటూ వెంటబడే అబ్బాయి. కాపీ ఒకటే, చదవాలన్నవాళ్లం ఆరుగురం. మేడమ్ బ్లేడుతో కుట్లు కోసి పుస్తకాన్ని ఆరు ముక్కలు చేసి, ఒక్కోదానికి పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసి తెచ్చింది. శనివారం ఆఖరి పీరియడ్‌లో ముక్కలు చేతులు మారేవి. ఎవరికి ఏది ఇవ్వాలో మేడమే చూసి ఇచ్చేది కాబట్టి వరస తప్పి చదివేవాళ్లం. మార్చుకునే ముందు మేడమ్ అందరినీ ఒకే ప్రశ్న అడిగేది: "ఈ కథలో నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావు?"

నాకు మొదట రెండో ముక్క వచ్చింది. అబ్బాయి ఆ అమ్మాయికి చేతి గడియారం కొనిచ్చి, వేరేవాళ్లతో మాట్లాడితే అన్నం మానేస్తానంటాడు. "ఆ అమ్మాయి పక్కన మేడమ్. అదృష్టవంతురాలు" అన్నాను. మేడమ్ నాకు అయిదో ముక్క ఇచ్చింది.

నా స్నేహితురాలు చదివింది నాలుగోది. అందులో అబ్బాయి అమ్మాయిని కొట్టి, తర్వాత ఏడ్చి, "నువ్వంటే ప్రాణం కాబట్టే కొట్టినాను" అంటాడు. ఆమె లేచి నిలబడింది. "ఎవురి పక్కనా కూర్చోలేదు మేడమ్. ఈ అబ్బాయి మాటలు మా బావ మాటల మాదిరే ఉండాయి. నాకు భయమైతాంది" అంది. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. గంట కొట్టాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి అరగంట మాట్లాడింది.

నేను వరండాలో నిలబడి కిటికీలోంచి చూస్తూ కళ్లలో నిప్పులు పోసుకున్నాను. బావా ఆమెకే, మేడమూ ఆమెకేనా? మార్కులు నావి ఎక్కువ. నా భుజం మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

లోపల మేడమ్ సరిచూస్తున్నది టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష దరఖాస్తు. ఆమెకు కర్నూలు వెళ్లి ఆ చదువు చదవాలని ఉంది. బావేమో ఇంటర్ కాగానే పెళ్లి, చదువెందుకు అన్నాడు. వాళ్ల నాన్న గుట్టుగా సంతకం పెట్టిచ్చిన ఆ కాగితాన్ని నోట్సు అట్టలోపల దాచుకుంది. వాళ్ల నాన్నకు, మేడమ్‌కు, నాకు తప్ప ఎవరికీ తెలీదు. పంపడానికి గడువు మరో తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం బస్టాండులో అతను ఎప్పటిలాగే అడిగాడు. నేను మూడే మాటలు చెప్పాను. "కర్నూలు పోయి చదువుతాదంట. కాగితం నోట్సు అట్టలో ఉండాది. నిన్ను చూస్తే భయమంట."

ఆమె తిరిగి రాగానే అతను బ్యాగు లాక్కుని, కాగితం బయటికి తీసి చించేశాడు. తర్వాత చెంప మీద కొట్టాడు. బెంచీ మీది పెద్దమనిషి ఒకాయన లేచి "ఏమప్పా, ఆడపిల్లను కొడ్తాండావు" అన్నాడు. "మా మరదలప్పా" అన్నాడితను. "ఓ, బావామరదళ్లా" అని నవ్వుకుంటూ ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఆమె వంగి కాగితం ముక్కలు ఏరుకుంది. చెంప చెవి దాకా ఎర్రగా కమిలిపోయింది. రెండేళ్లలో మొదటిసారి, నాకు ఆమె మీద అసూయ కలగలేదు.

ఆదివారం అయిదో ముక్క తెరిచాను. అందులో ఆ అమ్మాయి స్నేహితురాలు వస్తుంది. ఆమె జడ వేస్తుంది, చింతకాయలు పంచుకుంటుంది, తర్వాత వెళ్లి అన్నీ అబ్బాయికి చేరవేస్తుంది. రచయిత ఆమెను రాక్షసిలా రాసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. మామూలు పిల్ల, కాస్త ఓర్వలేనితనం, అంతే. నా సంగతి ఈ రచయితకు ఎవరు చెప్పారని ఒళ్లుమండి పుస్తకాన్ని గోడకేసి కొట్టాను.

వారమంతా ఆమె నా పక్కనే కూర్చుని అన్నం తింది. నోట్సులు వెతకడం అతనికి అలవాటే కదా, తనంతట తానే పట్టుకున్నాడనుకుంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శనివారం మేడమ్ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఆ సర్దుబాటు నిలవలేదు. క్లాసు అయ్యాక మెట్ల మీద ఆమెకు చెప్పేశాను.

"తెలుసు" అంది.

"తెలిసీ నా పక్కన ఎట్ల కూచున్నావ్ మే?"

"అందరితో మాటలు మాన్పించినాడు. నిన్నొక్కదాన్నే వదిలిపెట్టినాడు. నువ్వూ పోతే నేనెవురితో మాట్లాడాల?"

నన్నెందుకు వదిలిపెట్టాడో అప్పుడు అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ ఇంకో దరఖాస్తు కొని ఉంచింది. సోమవారమే ఆఖరు, నాన్న సంతకం మళ్లీ కావాలి. కమలాపురంలో బస్సు దిగి ఇద్దరం నేరుగా అంగడికి వెళ్లాం. "మొన్ననే కదా సంతకం పెడితి. ఆ కాగితం ఏమాయ?" అన్నాడాయన. ఆమె తల వంచుకుంది. నేనే చెప్పాను, దెబ్బా, చించడమూ, నేను చేసిన పనీ. ఆయన కందిపప్పు తూస్తున్న తక్కెడ కింద పెట్టేశాడు. "బావే కదా, కొంచెం గట్టిగా మాట్లాడితే ఏముందిలే అనుకుంటి" అని సంతకం పెట్టాడు.

పెళ్లి మాట ఆగిపోయింది. వాళ్ల అమ్మకూ పుట్టింటికీ రాకపోకలు తెగిపోయాయి. ఆ తల్లి నాతో మళ్లీ మాట్లాడలేదు. పరీక్ష నేనూ రాశాను. సీటు ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. నాకు మళ్లీ కడుపు మండింది. మంచి పని చేస్తే బుద్ధి కూడా మారిపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

నేను కడపలో బీఏలో చేరాను. ఆ దసరా సెలవుల్లో కర్నూలు వెళ్లి ఆమెను చూశాను. ముగ్గురు అమ్మాయిలతో కలిసి గది అద్దెకు తీసుకుంది. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆ నవ్వు దేనికో నాకు అర్థం కాలేదు. వాళ్లు నన్నెవరని అడిగితే "మా ఊరి పిల్ల" అంది. స్నేహితురాలు అనలేదు. నేను చేసిన పనికి అదే ఎక్కువ, తెలుసు. అయినా తిరుగు ప్రయాణమంతా ఆ రెండు మాటలు లోపల రగులుతూనే ఉన్నాయి.

కడపలో కర్నూలు బస్సు దిగుతుంటే అతను ఎదురొచ్చాడు. ఆమె కర్నూలులో ఉందని అతనికి తెలుసు గానీ గది ఎక్కడో వాళ్ల నాన్న చెప్పలేదు.

"ఏం పాపా, కర్నూలు నుంచేనా? యాడుంటాది అది? ఏ వీధి?"

వీధి తెలుసు. తలుపు రంగు తెలుసు. ఏ వేళకు ఒంటరిగా నడిచి వస్తుందో తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, ఆ నలుగురి నవ్వూ ఆగిపోతుంది. ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"నాకు తెలీదన్నా."

"నువ్వే చెప్పకపోతే ఇంకెవురు చెప్తారు?"

"ఎవురూ చెప్పరు" అన్నాను.