వదిన నొక్కని మీట

ఇవాళ పొద్దున్న మలంచా పేటలో ఉన్న వదిన ఇంట్లో టీవీ కింద దుమ్ము దులుపుతుంటే ఆ వీడియో ఆటపెట్టె రిమోటు చేతికి తగిలింది. దాని మీటకి అంటుకున్న పసుపు మరక ఇంకా అలాగే ఉంది. వదిన తాలింపు వేసి, చెయ్యి తుడుచుకున్నానని అనుకుని వచ్చి కూర్చునేది మరి. దాన్ని చూడగానే నాకు నవ్వు రావాలి. కానీ ఒళ్ళు మండింది. ఆ ఆట మీద నా కోపం ఇంకా చల్లారలేదని అప్పుడే తెలిసింది.

వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య ఈ బెంగాల్ ఊళ్ళోనే రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు. కొన్నేళ్ళ కిందట పుణేలో ఉద్యోగమొచ్చి అది వెళ్ళిన రోజు స్టేషనుకి నేనూ వెళ్ళాను. రైలెక్కే ముందు మేనకోడలు "అమ్మా, ఎల్లనా?" అని అడిగింది. వదిన పెదవి విప్పలేదు. పులిహోర డబ్బా దాని చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. ఆ తరవాత ఆ పిల్ల ఫోన్లు నాకే ఎక్కువ వచ్చేవి. తల్లితో మాత్రం తిన్నావా, మందులేసుకున్నావా, అంతటితో సరి. తను ఉద్యోగానికి వెళ్ళడం అమ్మకి ఇష్టం లేదని దాని నమ్మకం. అది నీ అపోహే అని నేనెంత చెప్పినా చెవికెక్కించుకునేది కాదు. వదినతో చెబుదామంటే, తల్లీకూతుళ్ళ మధ్య నువ్వు దూరకు అని అన్నయ్య కళ్ళెర్రజేసేవాడు.

పోయిన వానాకాలం వదిన మోకాలికి ఆపరేషను అయింది. సెలవు దొరక్క రాలేకపోయిన మేనకోడలు తన ఆటపెట్టెని పార్శిల్లో పంపింది. పక్కింటి బెంగాలీ దీదీ అల్లుడొచ్చి దాన్ని టీవీకి తగిలించాడు. సీరియల్ లాంటిదే, కాకపోతే కథని మనమే నడపాలి అని పిల్ల ఫోనులో చెప్పింది. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే నేను మా ఇంటి పక్కనున్న పూరీ గేట్ దగ్గర ఆటో ఎక్కి వదిన ఇంటికి వెళ్ళేదాన్ని. రిమోటు ఆవిడది. తెర మీద ఇంగ్లీషుని తెలుగులో చెప్పే పని నాది.

మంచు దేశంలో ఓ చిన్న రేవు ఊరు. అక్కడ బస ఇల్లు నడుపుకునే ఓ తల్లి. ఆ తల్లి మనమే. ఆమెకో కూతురు. సముద్రం మీదికెళ్ళి తిరిగిరాని తండ్రిని వెతకాలని ఆ పిల్ల పట్టుదల. నిజం చెప్పొద్దూ, ఆ ఆట చేసినవాళ్ళ చేతులకి దండం పెట్టాలి. అందులో వాన మొదలైతే తన పెరటి రేకుల మీదే పడుతోందనుకుని వదిన నన్ను బట్టలు తియ్యమని పంపింది. ఎప్పుడో మనం రొట్టె ముక్క పెట్టిన ముసలాయన ఎన్నాళ్ళకో ఎదురై ఆ రొట్టెని తలుచుకుంటే, మడిసంటే అలగుండాల అని కళ్ళొత్తుకుంది. ఆడినంతసేపూ నొప్పి మాట ఎత్తేది కాదు.

ఇక నా కోపం సంగతి. అక్షరాలు చీమల బారు. ఆ తల్లి వంటింట్లోంచి వాకిట్లోకి నడిచేలోపు మా సందులో ఆటో మెయిన్ రోడ్డెక్కిపోతుంది. ఇంటికి ఎవరొచ్చినా అనడానికి ఉన్న మాటలు మూడే: ఎవరు నువ్వు, ఏం కావాలి, వెళ్ళిపో. "బసిల్లు నడుపుతాది, వచ్చినోలికి మంచినీల్లియ్యదేటి?" అని వదిన రోజూ దాంతో తగాదా. ఆ మూడింట్లో ఒకటి నొక్కడానికైనా గడువు చిటికెడు. నేను చదివి, అర్థం చెప్పి, ఆవిడ ఆలోచించేలోపు తెర మీద గడువు చూపే గీత కరిగిపోయేది. పైగా జరిగిందంతా అది తనంతట తానే రాసేసుకుంటుంది, వెనక్కి వెళ్ళనివ్వదు. కూరలో ఉప్పెక్కువైతే ఓ బంగాళదుంప వేసి సరిచేసుకుంటాం. ఇక్కడ ఆ వీలు కూడా లేదు.

ఓ మధ్యాహ్నం రేవులో పడవ సిద్ధమైంది. కూతురు మూట భుజాన వేసుకుని వెనక్కి తిరిగి, అమ్మా, నేను వెళ్ళనా అని అడిగింది. తెర మీద రెండే మాటలు. పో, పోవద్దు. నేను గబగబా చదివాను. వదిన వేలు మీట మీద ఆగిపోయింది. నొక్కు వదినా, నొక్కు అని నేను పక్కన గోల పెడుతూనే ఉన్నాను. గీత కరిగిపోయింది. పిల్ల కాసేపు చూసి పడవెక్కింది. తెర నల్లబడి ఒక్క వాక్యం వచ్చింది. తల్లి తనని వదులుకుందని ఆమె నమ్మింది, మళ్ళీ ఆ రేవుకి రాలేదు. ఆ వెనక పేర్లు. ఆట అయిపోయింది.

వానాకాలమంతా ఆడితే ఇదా ఫలం! అక్కడికక్కడే పుణేకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, మేనకోడల్ని దులిపేశాను. ఊరుకోవడం కూడా అందులో ఒక జవాబేనట. అదే దాని గొప్పట, అందరూ మెచ్చుకున్నారట. వేరే ముగింపు కావాలంటే మళ్ళీ మొదటినుంచి ఆడుకోవాలట. "అయినా అమ్మ ఎందుకు నొక్కనేదత్తా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే వదిన ఫోను మీదికి వంగింది.

"పయనమైనదాన్ని పో అని ఎలగంటాను? వద్దని ఎలగ అడ్డపడతాను? ఎల్లిరా అని ఉంటే నొక్కుదును. నేదు. ఊరుకుంటే ఎల్లమనే కదేటి."

నేను ఫోను వదిన దగ్గరికి జరిపాను.

"మరి నేనెల్లినప్పుడూ ఊరుకున్నావు కదమ్మా" అంది పిల్ల.

"నోరిప్పితే ఏడుపొచ్చేస్తాది. పయనంలో ఏడిస్తే నీకు మంచిది కాదు. నీకు తెలీదేటి?"

తెలీదంది మేనకోడలు. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "ఎల్లిరా తల్లీ" అంది, రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఆగి ఉన్నట్టు.

మళ్ళీ మొదటినుంచి ఆడదామని నేనెంత పోరినా వదిన ఒప్పుకోలేదు. ఆ పిల్లని మళ్ళీ రేవుకి తీసుకెళ్ళడం తన వల్ల కాదంది. రేపు మేనకోడలు వస్తోంది. ఈ దులపడమంతా అందుకే. ఆ ఆటని తిట్టిన తిట్లు మాత్రం నేను వెనక్కి తీసుకోను. చిటికెడు గడువిచ్చి తల్లీకూతుళ్ళని విడదీసింది. మా వదినకి కాలం ఏళ్ళకేళ్ళు గడువిచ్చింది, ఆ గీత కూడా కరుగుతూనే ఉందని మాకెవరికీ కనబడలేదు.