ఎవరని చూడకుండా

బస్సు పూతలపట్టు దాటినాక గుర్తొచ్చింది.

చిత్తూరులో నేను పనిచేసే కాలేజీలో ల్యాబు కంప్యూటర్లు స్విచ్చి వేయగానే, నాకొక అడ్రసు ఇవ్వండని వైరు మీద కేకేస్తాయి. సర్వరనే పెద్ద కంప్యూటరు అడ్రసిచ్చి, వాటి డిస్కు తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కిస్తాది. కేకేసింది ఏ మిషనో తెలిపే నంబరు ఆ కేకలోనే ఉంటాది. పని తొందరగా అయిపోతుందని, ఆ నంబరు చూడకుండా ఎవరు పిలిచినా పలకమని సర్వరుకు చెప్పి వచ్చినాను. పిల్లోళ్ళ మార్కులుండే ఆఫీసు కంప్యూటరు కూడా ఆ వైరు మీదే ఉండాది. పది గంటలకు క్లర్కు దాన్ని ఆన్ చేస్తాడు. అదీ కేకేస్తాది, సర్వరు దాని డిస్కూ తుడిచేస్తాది.

"ఏం నాయనా, మాటిమాటికీ గడియారం సూస్తుండావు?" అనింది పక్క సీటామె. కాన్పుల ఆసుపత్రిలో ఆయా అంట.

"ఎవరని చూడకుండా, అరిసినోళ్ళకంతా ఇచ్చేస్తాదమ్మా" అన్నాను. నాకు అంతకంటే చెప్పడం చేతకాలేదు.

ఆమె నా మణికట్టు చుట్టూ రెండు వేళ్ళు వేసింది. "బిడ్డ ఏడ్సిందంటే ముందు ఈడ కట్టిన పట్టీ సూస్తాం. అమ్మ పేరు సూసినాకే ఎత్తుకుంటాం." నా చెయ్యి వదిలేసి, "ఒక్కసారి మాత్రం సూడకుండా ఇచ్చేసినా నాయనా" అనింది.

లేచి నిలబడి, "ఆపప్పా, ఈ పిల్లోడు దిగాల!" అని డ్రైవర్ని కేకేసింది.

ఎస్టీడీ బూతులో నుంచి ఫోన్ చేస్తే, క్లర్కు అప్పుడే తలుపు తీసి లోపలికొచ్చినాడు. ఆ కంప్యూటరు ఆన్ చెయ్యొద్దన్నాను. మార్కులు దక్కినాయి.

ఆ బిడ్డ ఎవరింట్లో పెరిగిందో మాత్రం ఇప్పటికీ నాకు తెలీదు.