చెరో కొస

బోరబండలో ఉండే నర్సమ్మ పదకొండేళ్లుగా హైటెక్ సిటీలోని ఓ టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తోంది. అంతకుముందు అదే టవర్ కడుతున్నప్పుడు ఇసుక మోసింది.

ఆ రోజు పై అంతస్తులో కుళాయిలో నీళ్లు రాలేదు. నిండు నీళ్ల బకెట్ పిడిలోంచి తాడు దూర్చి, ఆమె, ఐదో నెల కడుపుతో ఉన్న తోటి పనమ్మాయి స్వప్న చెరో కొస పట్టుకుని ఒకరికొకరు ఆనుకుని నడుస్తున్నారు. కొత్త సూపర్‌వైజర్ లోహిత్ అడ్డొచ్చాడు.

"కబుర్ల కోసమేగా ఇలా అతుక్కుని నడవడం? దూరంగా ఉండండి. ఎలా మోసినా సగం సగమేగా!"

దూరం జరిగేసరికి స్వప్న పళ్లు బిగబట్టింది. నర్సమ్మకు ఒళ్లు మండింది. బకెట్ దించేసింది.

"ఇంజినీరు చదివినవ్ కద సారూ? ఆ పిల్ల కొస నువ్వు పట్టు."

అతను పట్టుకుని లేపాడు. నర్సమ్మ కావాలనే దూరం జరిగింది. ఇద్దరి బలమూ నిటారుగా పైకి లాగితేనే పూర్తిగా బరువుకు అందుతుంది. తాడు వాలేకొద్దీ అందులో కొంత ఒకరినొకరు పక్కకు లాక్కోవడానికే పోతుంది. బకెట్ లేవాలంటే ఇద్దరూ ఇంకా గట్టిగా లాగాలి. పరీక్షలో ఈ బలాలనే బాణాలుగా గీసి కలిపిన లోహిత్ ఇప్పుడు తాడుకు రెండో చెయ్యి కూడా వేశాడు.

"ఆగమ్మా, జారిపోతోంది!"

"సగమేనా సారూ? కడుపుతోటున్న పిల్లకు గిది చెప్తవా? ఇగ ఆమె మొయ్యది."

అతను కొస వదల్లేదు.

"మరి దగ్గరికి రా," కసిరింది నర్సమ్మ. "ఇంకా నాలుగు బకెట్లున్నయ్."