అత్తకు తీసుకుపోయిన సెంటు

విమానంలో కూర్చున్నవాళ్ళందరూ ఏదో ఒక సంతోషం మీద పోతున్నవాళ్ళే అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. హనుమకొండలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అప్పుడప్పుడు ఎక్కడో ఎత్తున ఒక తెల్లటి గీత కనబడేది. అందులో ఉన్నవాళ్ళు పెళ్ళికో, కొత్త ఉద్యోగానికో, మంచుకొండలు చూడటానికో పోతున్నారనుకునేదాన్ని. చావుకు పోయేవాళ్ళు బస్సులో పోతారు, లేకపోతే రైల్లో పోతారు, కిటికీకి తల ఆనించుకుని. డిగ్రీ అయిపోయి, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కొత్తగా చేరిన ఆ చలికాలం మొదటిసారి విమానం ఎక్కాను. మా మేనత్తను మట్టి చెయ్యడానికి. (ఆ విమానంలో మిగతావాళ్ళు మాత్రం సంతోషంగానే పోతున్నారు. మేము ఎక్కేదాకా.)

మేమందరం ఢిల్లీ అత్త అని పిలిచే ఆమె మా నాన్నకు చెల్లె, మా కాకకు అక్క. అక్కడ ఒక దవాఖానలో నర్సు. డ్యూటీలో ఉండగానే తలలో నరం చిట్లి పడిపోయిందని, మళ్ళీ లేవలేదని పొద్దున్నే మామయ్య ఫోన్ చేశాడు. పిల్లలు, వాళ్ళ చర్చి, పనిచేసినవాళ్ళు అందరూ అక్కడే కాబట్టి సమాధి కూడిక అక్కడే అని, రేపు పొద్దున్నే అని చెప్పాడు. రైల్లో పోతే అందేటట్టు లేదు. నానమ్మ తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది, ఆమెను కదిలించే పని లేదు, ఆమెను విడిచి నాన్న కదిలే పని లేదు. కాక పోవాలి. కాక కాజీపేట నుంచి హనుమకొండకు ఆటో నడుపుతాడు, ఆ రోడ్డు మీద ఆయనకు తెలియని గుంత లేదు, కానీ విమానం దగ్గర హిందీ, ఇంగ్లీషు కావాలి కదా అని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను ఉద్యోగం కాగితంలో నాకు హిందీ బాగా వచ్చని రాసుకున్నాను. ఆ హిందీ మా వీధి చివర కిరాణా దుకాణంలో నేర్చుకున్నది. ఉల్లిగడ్డలు బేరం చేయడానికి సరిపోయేది.

మావైపు శవపెట్టె మూసేముందు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరు వచ్చి సెంటు చల్లుతారు. తల్లి బతికుంటే ముందు తల్లి చల్లాలి. నానమ్మ అప్పటిదాకా ఏడవలేదు, గోడవైపు చూస్తూ పడుకుంది. సెంటు మాట గుర్తొచ్చాకే లేచి కూర్చుంటానని గొడవ చేసింది. ఢిల్లీలో దొరకదా అని నాన్న అంటే వినలేదు. కాకను చౌరస్తా దగ్గరి అత్తరు దుకాణానికి పంపింది. ఆ దుకాణాయన విడి సెంటును ఒక పాత క్వార్టర్ సీసాలో నింపి, మూత బిగించి ఇచ్చాడు. లేబుల్ గీకేశాడు గానీ ఆ సీసా ఆకారం దాగేది కాదు. (మందు వాసన కూడా పడని నానమ్మ, జీవితంలో మొదటిసారి క్వార్టర్ సీసా పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. కాక కిందికి చూస్తూ నిలబడ్డాడు.) ప్రార్థన అయ్యాక ఆ సీసా నా చేతిలో పెట్టింది.

"నా చేతులతోని పోసినట్టె పొయ్యాలె బిడ్డా. పెట్టె మూసేముందుగాల. మర్చిపోకు."

మర్చిపోను అన్నాను. మా పక్కింటి సారు ఢిల్లీ చలికని కాకకు తన ఊలు స్వెట్టరు ఇచ్చాడు. ఇద్దరికీ కలిపి ఒక్క బ్యాగు. దాన్ని కింది సామానులో ఇస్తే సీసా పగిలిపోతుందేమోనని, సీసాను నా చున్నీలో చుట్టి అందులో పెట్టి, బ్యాగును చేతిలోనే ఉంచుకున్నాం. ఆ ఒక్క జాగ్రత్తే మా కొంప ముంచింది.

ఎయిర్‌పోర్టులో మిషన్‌లోంచి బ్యాగు బయటికి రాగానే పక్కకు లాగారు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ఆఫీసరు, మీసాలు సన్నగా కత్తిరించుకున్నాయన, చున్నీ విప్పి సీసాను వెలుతురుకు పట్టుకుని ఇదేమిటని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "అత్తర్ హై సాబ్, మయ్యత్ కే వాస్తే లేకో జారే" అన్నాను. శవం కోసం తీసుకుపోతున్నాం అని నా ఉద్దేశం. ఆయన ఒక నిమిషం నన్నూ, క్వార్టర్ సీసానూ, కాక ఎర్రబడ్డ కళ్ళనూ మార్చి మార్చి చూశాడు. (కాక ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళవి. కానీ పక్కన ఆ సీసా ఉంటే ఎవరు నమ్ముతారు.) మూత తీసి వాసన చూసి, తల వెనక్కి తీసుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. పేరు లేని సీసా, ఇంత పెద్దది, చేతి సామానులో కుదరదు, కావాలంటే వెనక్కి పోయి కింది సామానులో వేసుకోండి అన్నాడు. వెనక్కి ఉరికితే మా విమానం కౌంటరు అప్పటికే మూసేశారు. మళ్ళీ వచ్చాం. ఆయన పక్కనున్న పెద్ద డబ్బా చూపించాడు. అందులో షాంపూలు, నూనెలు, ఎవరో ప్రేమగా పెట్టి పంపిన ఆవకాయ జాడీ ఒకటి ఉన్నాయి.

కాక ఆ డబ్బా పక్కనే కింద కూలబడ్డాడు. నేను నా హిందీ అంతా బయటికి తీశాను. మా నానమ్మ లేవలేదని, ఆమె కూతురే చనిపోయిందని, ఇది ఆమె చెయ్యి అని చెప్పబోయి, ఏ మాట ఎక్కడ పెట్టానో గానీ, చివరికి నానమ్మ చెయ్యి సీసాలో ఉందన్నట్టు అయింది. ఆఫీసరు ముఖంలో ఏదో కదిలింది, అది నవ్వో జాలో తెలియలేదు. రూల్ రూలే, నేనేమీ చేయలేను అన్నాడు, కానీ మెల్లగా అన్నాడు. అప్పుడు కాక తల ఎత్తి నన్ను అడిగాడు.

"సీసల ఉంటెనే తప్పటనా? పెయ్యికి పూసుకుంటె తప్పు లేదటనా? జర అడుగు."

అడిగాను. ఆయన సీసాను బల్ల మీద పెట్టి, పూసుకున్నదానికి రూల్ ఏమీ లేదన్నాడు.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కాక మూత తీసి ముందు నా చున్నీ మీద పోశాడు, మడత మడతకూ తడిసేటట్టు. తర్వాత జేబులోంచి తీసిన తన దస్తీ మీద. తర్వాత ఒంటిమీదున్న స్వెట్టరు ఛాతీ మీద, చేతుల మీద, నీళ్ళు పోసుకున్నట్టు. అడుగున మిగిలింది అరచేతిలో ఒంపి నా తలకు రాశాడు. చుట్టూ వరస ఆగిపోయింది, ఒక పిల్లవాడు తుమ్మడం మొదలుపెట్టాడు. ఆఫీసరు చున్నీ పెట్టుకోవడానికి మూతిబిగించే ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఖాళీ సీసా కావాలంటే తీసుకుపోవచ్చన్నాడు. కాక దాన్ని చూసి, దీంతో నేనేం చేసుకోను అని ఆవకాయ జాడీ పక్కన పెట్టాడు.

విమానం తలుపు మూశాక తెలిసింది మేమేం చేశామో. మల్లెపూలు, గులాబీలు, చర్చిలో తెల్లబట్ట కప్పిన పెట్టె, అన్నీ కలిపి ఆ చిన్న గదిలో బిగించినట్టయింది. ముందు సీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో తెలుగాయన, అగరొత్తుల దుకాణం ఎక్కినట్టుంది అన్నాడు. (ఆయన మావైపు అంత్యక్రియలకు ఎప్పుడూ పోలేదు, పోయుంటే ఇంకోమాట అనేవాడు.) గాజులు నిండుగా వేసుకున్న కొత్తపెళ్ళికూతురు మా వరసలోనే కూర్చుంది, వాంతి కవరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, సార్, దయచేసి ఆ స్వెట్టరు తీసి పైన పెట్టగలరా అని ఎంతో మర్యాదగా అడిగింది. కాక ఇవ్వనన్నాడు. ఎందుకో చెప్పమని నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఇది స్వెట్టరు కాదు, మా అత్త, అన్నాను. అక్కడితో ఇంగ్లీషు అయిపోయి ఏడుపు వచ్చింది. పొద్దుటినుంచి రానిది, అంతమంది ముందు, సీటుబెల్టు కట్టుకుని.

మమ్మల్ని చివరి వరసకు, బాత్రూం పక్కకు మార్చారు. అక్కడ కూర్చున్న ఒక ముసలావిడ, మంచి వాసన వస్తోంది, పెళ్ళికి పోతున్నారా అని హిందీలో అడిగింది. కాకకు అది అర్థమైంది. అవునన్నట్టు తలూపాడు. తర్వాత ఆయనకు నవ్వు పట్టుకుంది, భుజాలు ఊగేటట్టు, ఆపుకోలేక దస్తీ నోట్లో కుక్కుకున్నాడు. ఆ దస్తీ ఘాటుకు దగ్గు వచ్చింది, దగ్గులోంచి ఏడుపు వచ్చింది. ఆవిడ తన నీళ్ళసీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఢిల్లీ దాకా ఆయన వీపు మీద చెయ్యి వేసే ఉంచింది.

తెల్లారి మేము పోయేసరికి చర్చి ముందు పెట్టె సిద్ధంగా ఉంది. అత్త నర్సు కోటులోనే ఉంది, ముఖం నిద్రపోయినట్టు లేదు, అలసిపోయినట్టు ఉంది. అక్కడి పాస్టరుగారికి మా ఆచారం తెలియదు. పెట్టె మూయబోతుంటే మామయ్య చెప్పి ఆపించాడు. నేను కవరులోంచి చున్నీ తీసి పిండితే ఒక్క చుక్క రాలేదు. ప్లాస్టిక్ అంచు సరిగా బిగుసుకోలేదేమో, తడి ఎప్పుడో ఆరిపోయింది, వాసన మాత్రం ఉంది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని అత్త పాదాల నుంచి గొంతుదాకా పరిచాను, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. కాక స్వెట్టరు విప్పి ఆమె చేతుల కింద పెట్టబోయాడు. కాకా, అది పక్కింటి సారుది అని చెవిలో అన్నాను. ఆయన నన్ను చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఆ చలిలో ఆయన ఉత్త చొక్కాతో సమాధుల దాకా నడిచాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

ఇంటికొచ్చాక నానమ్మ ఒక్కటే అడిగింది, పోసినవా అని. కాక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పోశాననే అంటే అయిపోయేది. నేను మంచం మీద కూర్చుని అన్నీ చెప్పాను, ఆఫీసరు నుంచి కొత్తపెళ్ళికూతురు కవరు దాకా. ఆమె మధ్యలో ఆపలేదు.

"సచ్చినోళ్ళ సెంటు పూసుకోని బతికినోళ్ళ నడుమ కూసున్నరా," అంది చివరికి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది. తర్వాత నా తలను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, జుట్టులో ముఖం పెట్టి, ఊపిరి పీల్చి, చాలాసేపు వదల్లేదు. నా మెడ తడిసింది.

ఇప్పుడు ఉద్యోగం పని మీద విమానాలు ఎక్కుతూనే ఉంటాను. ఏది ఎక్కడ పెట్టాలో తెలుసు, హిందీ కూడా నయమే. చివరి వరసలో సీటు పడితే మాత్రం ఆ పిల్ల గుర్తొస్తుంది, సెంటు కారుతున్న తలతో, ముక్కు ఎర్రగా, అందరికీ క్షమాపణ చెప్పుకోవాలనుకుంటూ కూర్చున్న పిల్ల. ఎవరికీ చెప్పక్కర్లేదు బిడ్డా, మెల్లగా ఏడువు, ఢిల్లీ ఇంకా దూరం ఉంది అని ఆమెతో అనాలనిపిస్తుంది.