తేనెపెట్టెకు నలభై రోజులు

కోరుట్లలో మోటర్లకు వైండింగ్ కట్టే సత్తార్‌కు ఏ వస్తువైనా విప్పి చూస్తేగాని నమ్మకం కుదరదు. మిద్దె మీద పెంచుకుంటున్న రెండు తేనెపెట్టెల మూతలు కూడా రోజూ తీసేవాడు. తేనెటీగలు పట్టు ఎంత కట్టాయి, రాణి ఎక్కడ తిరుగుతోంది, అన్నీ చూడాలి.

మార్చిలో ఒక పొద్దున చూస్తే ఒక పెట్టె ఖాళీ. చచ్చిన ఈగ ఒక్కటి లేదు, తేనె చుక్క లేదు. అన్నీ కలిసి లేచిపోయాయి.

ఆ ఈగలను చెట్టు తొర్రలోంచి పట్టి తెచ్చిచ్చిన పెగడపల్లి రాజం వచ్చాడు.

"నెలల ఎన్నిసార్లు మూత తీసిండో అడుగు రాజన్నా," అంది సత్తార్ భార్య అతియా.

"గది మోటర్ గాదు భయ్. నీ ఇంటి కప్పు రోజు ఎవడన్న లేపి సూస్తె నువ్వుంటవా?" అన్నాడు రాజం.

సత్తార్ రెండో పెట్టెకు చెవి ఆనించి వేలితో తట్టాడు. తడితే ఈగలు ఒక్కసారి బుస్సుమని ఊరుకోవాలి. ఇవి ఊరుకోలేదు. ఒక ఫేజు పోయిన మోటరులా మూలుగుతూనే ఉన్నాయి.

"దీంట్ల రాణి లేదు. ఉంటె ఇట్ల మూల్గవు," అన్నాడు.

రాజం నమ్మక మూత తీయించాడు. నిజమే, ఒక్క గుడ్డూ లేదు. పోయిన వారం పట్టు చట్రం తీసి పెట్టేటప్పుడు రాణి నలిగిపోయిందేమో. ఇట్లాగే వదిలేస్తే ఇదీ పోతుంది.

మర్నాడు రాజం అరచేయంత పట్టుముక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. అందులో తాజా గుడ్లున్నాయి. దాన్ని అరటినారతో చట్రానికి కట్టారు.

"గుడ్లుంటె చాలు, రాణిని అవే చేసుకుంటయ్. నువ్వు నలభై రోజులు చెయ్యి పెట్టకు."

"బాలింత నలభై రోజుల చిల్లా లెక్కనే," అంది అతియా. "తలుపు తియ్యద్దన్నట్టు."

సత్తార్ తన మీద తనకే నమ్మకం లేక మూతను వైండింగ్ తీగతో నాలుగు చుట్లు చుట్టాడు. రోజూ పొద్దున చాయ్ పట్టుకుని పెట్టె గుమ్మం ముందు కూర్చునేవాడు. లోపల చూడలేక వచ్చేపోయే ఈగలను చూశాడు. మొదట్లో చాలా వరకు ఖాళీ కాళ్లతోనే వచ్చేవి. ఇరవై ఎనిమిదో రోజున రెండింట ఒకదాని కాళ్లకు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలు.

రాజంకు ఫోన్ చేశాడు. "పిల్లలకు మేత మోస్తున్నయ్ రాజన్నా. రాణి గుడ్లు పెడుతున్నట్టుంది."

"మూత తీసినవా?"

"లేదు. కాళ్లు సూసిన."

"నేనెన్నడు గట్ల సూడలే," అన్నాడు రాజం. "రేపస్త, నాకు సూపెట్టు."