ప్లాటినం తీగ తీసేసిన రోజు

మొన్న వంటింటి తూము పూడుకుపోతే కాస్టిక్ సోడా కలిపి పోశాను. ఒక చుక్క వేళ్ళ మీద పడి సబ్బులా జారింది. వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టాను గానీ, మనసు అప్పటికే తొంభైల నాటి మా ల్యాబ్‌కు వెళ్ళిపోయింది. అక్కడ మేం వాడే క్షార ద్రావణానికి చేతులు ఎప్పుడూ అలాగే జారుతుండేవి. "ఏం రమా, మళ్ళ గ్లౌజులు మరిచినవా?" అంటూ వసుంధర మేడమ్ కోప్పడేవారు.

మేడమ్ నా పరిశోధనకు గైడు. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో ఉండేవారు. నేను ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇద్దరం అడిక్‌మెట్ వైపు క్యాంపస్‌కు తరచు ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నేను చేస్తున్న పనేమిటో నాన్నకు చెప్పలేక అవస్థ పడుతుంటే, ఆయన హైదరాబాదు వచ్చినప్పుడు మేడమే చెప్పారు. "నీళ్ళల్ల కరెంటు పెడితే హైడ్రోజన్ వస్తదన్నా. దాన్ని కాలిస్తే పొగ రాదు, మళ్ళ నీళ్ళే అయితది. కాని తక్కువ కరెంటుతోని రావాలంటే ప్లాటినం కావాలె. అది మస్తు పిరం. మీ బిడ్డ అదే పని నికెల్‌తోని చేయించాలని చూస్తున్నది." నాన్న "అయితే మంచి పనే" అన్నాడు. ఆ తర్వాత నా పెళ్ళి మాట కొన్నాళ్ళు వాయిదా పడింది.

నా ఫెలోషిప్ గడువు దగ్గరపడిన ఎండాకాలంలో మా దశ తిరిగినట్టనిపించింది. నికెల్, మాలిబ్డినం లోహాలు కలిపి పూత పూసిన నికెల్ జాలీ ఒకటి, ద్రావణంలో ముంచి కరెంటు పెడితే, వాడేకొద్దీ మెరుగవుతూ, చివరికి ప్లాటినంతో పోటీపడింది. డిపార్ట్‌మెంట్ అంతా అభినందించింది. మేడమ్ రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. ఆవిడ ఉద్యోగ జీవితంలో ఇంత పెద్ద ఫలితం అదే మొదటిది. నారాయణగూడలో ఒక దుకాణంలో మా పరిశోధన పేపరు టైపు చేయించాం. పోస్టు చేయడానికి బయల్దేరబోతూ, ఆ దుకాణం మెట్ల మీదే ఆవిడ కాగితాలు మరోసారి తిరగేశారు.

"రమా, వాడుకుంట పోతే పూత అరగాలె గదా. మంచిగెట్ల అయితున్నది?"

"సర్దుకుంటున్నదేమో మేడమ్."

"జాలీకి ఎదురుంగ, కరెంటు రెండో పక్క ఏ తీగ పెట్టినవు?"

"ప్లాటినం. అందరు అదే పెడతరు గద."

అంటూనే నాకు అనుమానం వచ్చింది. ఆ తీగ సన్నగా కరిగి, ద్రావణంలోంచి వచ్చి మా జాలీ మీద చేరుతుంటే? అప్పుడా గొప్పతనం మా నికెల్‌ది కాదు, ప్లాటినందే.

"గడువు అయిపోతది మేడమ్" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"నాకు మాత్రం భయమైతలేదా? పా, మళ్ళ చేసి చూద్దాం."

ప్లాటినం తీగ తీసేసి, దాని స్థానంలో గ్రాఫైట్ కడ్డీ పెట్టాం. కొత్త జాలీకి కొత్త పూత పూశాం. హైడ్రోజన్ ఎంత వస్తున్నదో తెలిపే మీటరు ముల్లు మునుపటి ఎత్తుకు చేరనేలేదు. ఎంతో కింద ఆగిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. మేడమ్ మాత్రం పూత లేని మామూలు నికెల్ జాలీని కూడా అలాగే పరీక్షించమన్నారు. అది ఇంకా చాలా కింద ఆగింది. వారంపాటు మళ్ళీ మళ్ళీ చూశాం. మా పూత పనితనం పెరగలేదు, తరగలేదు.

"ఉన్నది రమా! తక్కువనే, కాని ఉన్నది. ఇది మనదే!" అంటూ మేడమ్ ద్రావణానికి జారుతున్న నా చేతులు పట్టుకుని చిన్నపిల్లలా నవ్వారు.

ఆ చిన్న ఫలితంతోనే పేపరు తిరగరాశాం. నా డిగ్రీకి అది సరిపోయింది. పేపరు పంపిన రోజు మేడమ్ తన ఇంట్లో సర్వపిండి చేసి పెట్టారు. తినగానే అక్కడే చాప మీద ఒరిగాను. చాలా రోజుల తర్వాత కలలేవీ రాని నిద్ర పట్టింది. లేచేసరికి ఆవిడ కూడా కుర్చీలో కునుకు తీస్తున్నారు, కళ్ళజోడు జారిపోయి.

ఇప్పుడు నా ల్యాబ్‌లో ఎవరైనా అద్భుతమైన ఫలితం తెస్తే, సంబరపడే ముందు నాలుగు వైపుల నుంచీ సరిచూస్తాను. కొందరు విసుక్కుంటారు. అంతా చూశాక మిగిలింది కొంచెమే అయినా, ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పడుతుంది.