కూతురి మణికట్టు

ఆసుపత్రిలో ఆమెను అందరూ బొంగరం అనేవారు. డాక్టరమ్మ ఒకసారి నోరుజారి ఎదుటే అనేసింది. ఆమె ఏమీ అనుకోలేదు, అనుకోవడానికి అక్కడ నిలబడి ఉంటే కదా! ఇరవయ్యేడేళ్లుగా కాన్పుల గదిలో పురుళ్లు పోసే పని. అన్నం కూడా నడుస్తూనే తినేది.

బిడ్డ గుండె లెక్కపెట్టేటప్పుడు మాత్రం వేరే మనిషి. నొప్పి వచ్చి తగ్గగానే, బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పెట్టెను తల్లి పొట్టకు ఆనించి, రెండో చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిండు నిమిషం కదిలేది కాదు. బిడ్డ గుండె నిమిషానికి నూట పది నుంచి నూట అరవై సార్లు కొట్టుకోవాలి. మణికట్టు ఎందుకంటే, ఆ పెట్టెకు తల్లీ బిడ్డా తేడా తెలియదు. కంగారులో పరుగెత్తే తల్లి గుండెను పట్టుకుని అదే బిడ్డదన్నట్టు టకటకలాడుతుంది. లోపల బిడ్డ నీరసించిపోతున్నా మనం నవ్వుతూ కూర్చుంటాం. చెవికి వినబడేదీ వేళ్లకు తగిలేదీ ఒకటయ్యాయా, కొంప మునిగినట్టే. ఈ ముక్క తన దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ నూరిపోసింది.

వాళ్లలో ఒకతెకు నత్త అని పేరు పెట్టింది కూడా ఆమే. "నువ్వు చేతులు కడుక్కునేలోపు బిడ్డకు పళ్లొస్తాయే" అని ఏడిపించేది.

ఇప్పుడు సొంత కూతురు ఆ నత్త చేతుల్లోనే ఉంది. సొంతవాళ్లకు పురుడు పోయకూడదని ఆసుపత్రి నియమం. దాన్ని పట్టుబట్టి పెట్టించినవాళ్లలో తనూ ఉంది కాబట్టి, తిట్టుకున్నా మనసులోనే తిట్టుకోవాలి.

తలుపు బయట కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కాసేపు కూర్చోండి అత్తయ్యా" అన్నాడు బెంచీ మీది అల్లుడు.

"ఇద్దరి బదులూ నువ్వు కూర్చున్నావుగా!"

కూతురు ముక్కడం మొదలుపెట్టి గంటయింది. ఈ దశలో అయిదేసి నిమిషాలకొకసారి వినాలి. డాప్లర్ చప్పుడు తలుపు సందులోంచి వస్తోంది. ఆమె చెవి ఆనించి లెక్కపెట్టింది. నూట ముప్పై. మంచిదే. కానీ అది ఎవరిది? నత్త మణికట్టు పట్టుకుందా, లేక నోటితో ధైర్యం చెబుతూ మరిచిపోయిందా? పరాయివాళ్ల బిడ్డ విషయంలో ఇంత భయం ఏనాడూ వేయలేదు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు, నిజమే.

మళ్లీ చప్పుడు మొదలైంది. ఇక ఆగలేకపోయింది. తలుపు తోసుకుని వెళ్లి కూతురి కుడి చెయ్యి గుంజి పట్టుకుంది. పెట్టెలో ఒక దెబ్బ, వేలి కింద ఒక దెబ్బ. రెండూ ఒకటే! 

"ఇది బిడ్డది కాదే, దీనిదే! డాక్టరమ్మను పిలు!"

నత్త గడియారం మీంచి చూపు తిప్పలేదు. నిమిషం నిండాక గానీ నోరు విప్పలేదు.

"బిడ్డది నూట ముప్పై రెండు. అమ్మాయిది తొంభై ఎనిమిది. ఎడమ చెయ్యి నేను పట్టుకునే ఉన్నానక్కా."

నిజమే. కళ్లెదుటే ఉన్నా కనబడలేదు.

"మరి నాకు తగిలింది?"

"మీరు బొటనవేలితో నొక్కారు."

బొటనవేలికి దాని నాడి దానికుంటుంది. అందుకే దానితో ఎదుటివాళ్ల నాడి చూడకూడదు. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజే చెప్పే మాట. అంతసేపూ ఆమె వేలికి తగిలింది, కంగారులో బిడ్డ గుండెతో సమానంగా పరుగెత్తిన తన గుండే.

"అమ్మా, చెయ్యి వదులు, నొప్పెడుతోంది" అంది కూతురు.

"మీరు బయటుండండక్కా" అంది నత్త మెల్లగా. "ఇక్కడ నాకు ఒక్క తల్లి చాలు."

ఇరవయ్యేడేళ్లలో ఎవరూ ఆమెను ఆ గదిలోంచి పొమ్మనలేదు. కోపం రావాల్సింది, కన్నీళ్లొచ్చాయి. బయటికొచ్చి అల్లుడి పక్కన కూలబడింది. అతను జరిగి చోటిచ్చాడు.

పావుగంటకు లోపల బిడ్డ కేరుమంది. నత్త తలుపు తీసింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. రండి అమ్మమ్మా!"

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"లోపలికి రావచ్చా?" అని నత్తను అడిగింది.